తడిసిన గింజలు పైన ఉండాలి

ఒక బ్యాంకు చిక్కుల్లో పడిందన్న వార్త రాగానే అందరి దృష్టీ డిపాజిట్‌దారుల మీదికే పోతుంది. ఇది సహజం. కూతురి పెళ్ళికని, హజ్ యాత్రకని, నాలుగు గోడలు లేపుకోవాలని దాచుకున్న సొమ్ము అది. ప్రభుత్వమూ రిజర్వు బ్యాంకూ ముందుగా ధైర్యం చెప్పేది కూడా వారికే. ఆ బ్యాంకులో వాటాలు కొన్న చిన్నకారు మనిషి మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎవరైనా ఎత్తినా, లాభాలు వచ్చినన్నాళ్ళు తిన్నారు గనుక నష్టం వస్తే భరించాల్సిందేనని ఒక్క మాటతో తేల్చేస్తారు.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. లాభంలో భాగం కోరేవాడు నష్టంలోనూ భాగం పంచుకోవాలన్నది ఇస్లామీయ వ్యాపార నీతికి పునాది. వాటాదారుడు బ్యాంకుకు అప్పిచ్చినవాడు కాడు, యజమాని. వ్యాపారం మునిగితే ముందుగా పోవలసింది యజమాని సొమ్మే. దీన్ని మేము కాదనడం లేదు. అయితే బ్యాంకు మునుగుతున్న సంగతి ఎవరికి ముందు తెలుస్తోంది, ఎవరికి చివర తెలుస్తోంది? దాన్ని నిలబెట్టడానికి తెచ్చే కొత్త సొమ్ము ఏ ధరకు, ఎవరి అనుమతితో వస్తోంది? మా అభ్యంతరం ఈ రెండు ప్రశ్నల దగ్గరే మొదలవుతుంది.

వడ్డీయే ప్రధాన ఆదాయమైన బ్యాంకుల వాటాలు కొనడం ధర్మసమ్మతం కాదని అత్యధిక ఉలమా అభిప్రాయం. కనుక ఈ గొడవ మనకెందుకని కొందరు పాఠకులు అనవచ్చు. నిజానికి ఈ గొడవ మన గడప దాటి ఎప్పుడో లోపలికి వచ్చింది. ప్రావిడెంట్ ఫండ్ సంస్థ 2015 నుంచి కార్మికుల నిధిలో కొంత భాగాన్ని షేర్ మార్కెట్ సూచీలను అనుసరించే ఫండ్లలో పెడుతోంది. ఆ సూచీలలో బ్యాంకుల భాగం పెద్దది. ఫ్యాక్టరీలో పనిచేసే మన సోదరుడు తనకు తెలియకుండానే బ్యాంకులకు వాటాదారుడు అవుతున్నాడు. సహకార బ్యాంకుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ అప్పు తీసుకోవాలంటే సభ్యుడై వాటా ధనం కట్టాలి. 2000 దశకం తొలి సంవత్సరాల్లో హైదరాబాద్‌లో కృషి, ప్రుడెన్షియల్, చార్మినార్, వాసవి సహకార బ్యాంకులు ఒకదాని వెంట ఒకటి చితికిపోయినప్పుడు, తాము ఆ బ్యాంకుల యజమానులమన్న సంగతి ఎందరు సభ్యులకు తెలుసు?

మూలధనం ఎందుకు?

ముందు అసలు విషయం అర్థం చేసుకుందాం. ఒక బ్యాంకు 100 రూపాయలు అప్పులిచ్చిందనుకోండి. అందులో 92 రూపాయలు డిపాజిట్‌దారులవి, 8 రూపాయలు వాటాదారులవి. ఈ 8 రూపాయలే మూలధనం. ఇచ్చిన అప్పుల్లో 3 రూపాయలు మొండి బాకీలైతే నష్టం వాటాదారుల సొమ్ములోంచి పోతుంది, డిపాజిట్‌దారుడి జోలికి రాదు. 8 రూపాయలూ కరిగిపోతే ఆ తర్వాతి ప్రతి రూపాయీ డిపాజిట్‌దారుడిదే. అందుకే బ్యాంకులు కనీస మూలధనం ఉంచుకోవాలని చట్టం నిర్బంధిస్తుంది. మన దేశంలో రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, నష్టభయాన్ని బట్టి లెక్కగట్టిన ఆస్తుల మీద 9 శాతం మూలధనం, దాని పైన అదనపు రక్షణగా మరో 2.5 శాతం ఉండాలి.

మొండి బాకీలు పెరిగి మూలధనం తరిగినప్పుడు బ్యాంకు ముందు కొన్ని దారులే ఉంటాయి. పాత వాటాదారులనే మరికొంత సొమ్ము తెమ్మని అడగవచ్చు. దీన్ని రైట్స్ ఇష్యూ అంటారు. లేదా బయటి పెద్ద సంస్థలకు కొత్త వాటాలు అమ్మవచ్చు. ప్రభుత్వాన్ని ఆశ్రయించవచ్చు. ఏదీ కుదరకపోతే మరో బ్యాంకులో కలిసిపోవాలి. బ్యాంకు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కొత్త వాటాలు మంచి ధరకే అమ్ముడవుతాయి. చిక్కుల్లో పడ్డాక కొనేవాడు చెప్పిందే ధర. అవసరం ఎంత ఎక్కువైతే ధర అంత తగ్గుతుంది, అమ్మవలసిన వాటాల సంఖ్య అంత పెరుగుతుంది.

దీనివల్ల పాతవాడికి ఏమవుతుందో చూడండి. ఒక బ్యాంకులో 100 వాటాలున్నాయి, అందులో ఒకాయనకు 10 ఉన్నాయి. అంటే ఆయన పదో వంతు యజమాని. బ్యాంకు వెయ్యి రూపాయల లాభం సంపాదిస్తే 100 రూపాయలు ఆయన భాగం. ఇప్పుడు బ్యాంకు మరో 400 వాటాలు వేరేవారికి అమ్మింది. ఆయన 10 వాటాలూ అలాగే ఉన్నాయి, ఎవరూ లాక్కోలేదు. అయితే ఆయన ఇప్పుడు యాభయ్యో వంతు యజమాని. వెయ్యి లాభంలో ఆయన భాగం 20 రూపాయలు. పాత 100 రూపాయలు మళ్ళీ చేతికి రావాలంటే బ్యాంకు లాభం అయిదు రెట్లు కావాలి. వాటా పలచబడటమంటే ఇదే. పాలలో నీళ్ళు పోస్తే గిన్నె నిండుతుంది గాని పాలు పెరగవు.

యెస్ బ్యాంకు చెప్పే పాఠం

ఈ లెక్క ఊహాజనితం అనుకోనక్కర్లేదు. యెస్ బ్యాంకు విషయంలో దాదాపు ఇదే జరిగింది. 2018 ఆగస్టులో ఆ బ్యాంకు షేరు 400 రూపాయల దాకా పలికింది. 2019 ఆగస్టులో అదే బ్యాంకు 83 రూపాయల 55 పైసల చొప్పున కొత్త వాటాలు పెద్ద సంస్థలకు అమ్మి 1,930 కోట్లు సమకూర్చుకుంది. అది చాలలేదు. నవంబరు చివర్లో 200 కోట్ల డాలర్లు సేకరిస్తామని ప్రకటించింది, ఆ సొమ్ము రాలేదు. 2020 మార్చి 5న రిజర్వు బ్యాంకు మారటోరియం విధించి, ఖాతాదారులు 50 వేలకు మించి తీసుకోరాదని ఆంక్ష పెట్టింది.

మర్నాడు పునర్నిర్మాణ పథకం ముసాయిదా వెలువడింది. అభిప్రాయాలు చెప్పడానికి ఇచ్చిన గడువు మార్చి 9 వరకే. మార్చి 13న పథకం ఖరారయింది. స్టేట్ బ్యాంకు, మరికొన్ని ప్రైవేటు బ్యాంకులు కలిసి వాటా ఒక్కింటికి 10 రూపాయల చొప్పున 10,000 కోట్లు పెట్టాయి. అంటే వెయ్యి కోట్ల కొత్త వాటాలు. అప్పటికి ఉన్న పాత వాటాలు దాదాపు 255 కోట్లు. మార్చి 12న బ్యాంకు మొత్తానికి యజమానులైనవారు మార్చి ముగిసేసరికి అయిదో వంతుకు యజమానులయ్యారు. జులైలో 12 రూపాయల ధరకు మరో విడత వాటాలు అమ్మి సుమారు 15,000 కోట్లు తెచ్చారు. దాంతో పాతవారి భాగం పదో వంతుకు వచ్చింది.

ఇంతటితో ఆగలేదు. వందకు మించి వాటాలున్న పాత వాటాదారులు అందులో 75 శాతాన్ని మూడేళ్ళపాటు అమ్మరాదని పథకంలో షరతు పెట్టారు. కొత్తగా సొమ్ము పెట్టిన ప్రైవేటు బ్యాంకులకూ ఇలాంటి షరతే ఉందని సమర్థించారు. 10 రూపాయలకు కొన్నవాడు మూడేళ్ళు ఆగడం వేరు, 300 రూపాయలకు కొని దిగాలు పడినవాడిని కట్టేసి ఆపడం వేరు.

డిపాజిట్‌దారులు బతికారు కదా అంటే, బతికారు. అది గొప్ప మేలు. మార్చి 18న ఆంక్షలు తొలగి ఎవరి సొమ్ము వారికి అందింది. ఆ మేలుకు పాత వాటాదారులు మూల్యం చెల్లించడం కూడా సబబే. మమ్మల్ని కలచివేసే విషయం అంతకుముందు నాలుగేళ్ళ నాటిది. 2015-16 సంవత్సరానికి తన మొండి బాకీలు 749 కోట్లని యెస్ బ్యాంకు లెక్క చెప్పింది. రిజర్వు బ్యాంకు తనిఖీ చేస్తే అవి 4,926 కోట్లని తేలింది. మరుసటి ఏడాది లెక్కలోనూ ఇలాంటి తేడాయే బయటపడింది. 749 అన్న అంకె చూసి వాటాలు కొన్న సామాన్యుడిని ఇప్పుడు 'యజమానివి, నష్టం నీదే' అంటున్నాం. ఏ యజమానికైనా తన దుకాణం లెక్క తెలియాలి కదా!

తుడిచిపెట్టుకుపోయినవారు

యెస్ బ్యాంకు వాటాదారులకు పదో వంతైనా మిగిలింది. అదీ మిగలనివారున్నారు. సికింద్రాబాద్ కేంద్రంగా 1994లో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకును తెలుగు మదుపరులు తమ బ్యాంకుగా భావించారు. తొలి వాటాల కోసం జనం ఎగబడ్డారు. 2001 నాటి షేర్ కుంభకోణంలో ఆ బ్యాంకు పేరు వినిపించింది. కొత్త పెట్టుబడి కోసం సాగిన వెతుకులాట ఫలించలేదు. 2004 జులై 24న మారటోరియం, ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనం. మూడు వారాల్లో అంతా ముగిసింది. డిపాజిట్‌దారుల సొమ్ము భద్రంగా చేతులు మారింది. వాటాదారులకు దక్కింది శూన్యం.

పదహారేళ్ళ తర్వాత లక్ష్మీ విలాస్ బ్యాంకు కథ కూడా అంతే. కరూర్‌లో 1926లో పుట్టిన ఆ బ్యాంకు 2017 చివర్లో తన వాటాదారులకే వాటా 122 రూపాయల చొప్పున రైట్స్ ఇష్యూ ఇచ్చింది. బ్యాంకును నిలబెట్టుకుందామని నమ్మి సొమ్ము కట్టినవారు పాత వాటాదారులే. 2020 నవంబరు 17న మారటోరియం వచ్చింది. ముసాయిదా మీద అభ్యంతరాలకు ఇచ్చిన గడువు మూడు రోజులు. నవంబరు 27న బ్యాంకు డి.బి.ఎస్. ఇండియాలో కలిసిపోయింది. వాటా ధనం మొత్తం రద్దయింది. మూడేళ్ళ కిందట ఆపద్ధర్మంగా సొమ్ము తెచ్చినవాడికీ, ఏమీ తేకుండా చూస్తూ కూర్చున్నవాడికీ ఒకటే ఫలితం దక్కింది.

ఈ సమస్య మన దేశానికే పరిమితం కాదు. 2008 సంక్షోభంలో బ్రిటన్‌లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ ఏప్రిల్‌లో 200 పెన్స్ చొప్పున 1,200 కోట్ల పౌండ్ల రైట్స్ ఇష్యూకు వెళ్ళింది. ఆరేడు నెలలు తిరగకముందే ప్రభుత్వం 65.5 పెన్స్ ధరకు వాటాలు తీసుకుని సగానికి పైగా యజమాని అయింది. ఏప్రిల్ నాటి ప్రకటనలో నిజస్థితి చెప్పలేదని వాటాదారులు కోర్టుకెక్కారు. తొమ్మిదేళ్ళ తర్వాత, 2017లో, వాటాకు 82 పెన్స్ దగ్గర రాజీ కుదిరింది.

అదే సంవత్సరం బార్క్లేస్ బ్యాంకు ప్రభుత్వ సొమ్ము వద్దనుకుని ఖతర్, అబూధాబీ పెట్టుబడిదారుల తలుపు తట్టింది. తమను కాదని బయటివారికి మెరుగైన షరతులిచ్చారని అప్పుడే పాత వాటాదారులు నొచ్చుకున్నారు. ఖతర్ సంస్థలకు సలహా రుసుముల పేరిట 32 కోట్ల పౌండ్లకు పైగా ఇచ్చేందుకు ఒప్పందాలు జరిగాయని, వాటి సంగతి వాటాదారులకు సరిగా చెప్పలేదని ఆ దేశపు నియంత్రణ సంస్థ తేల్చింది. 2024 నవంబరులో 4 కోట్ల పౌండ్ల జరిమానా ఖాయమయింది. అంటే పదహారేళ్ళకు.

బాండ్ల మాటున

వాటాల కంటే బాధాకరమైనది మరొకటుంది. బ్యాంకులు మూలధనం కోసం ఒక రకం శాశ్వత బాండ్లు అమ్ముతాయి. వీటిని ఏటీ-1 బాండ్లు అంటారు. వీటి మీద వడ్డీ డిపాజిట్ కంటే ఎక్కువ. బ్యాంకు కూలే స్థితికి వస్తే అసలు కూడా రద్దు చేయవచ్చన్న షరతు పత్రాల్లో ఉంటుంది. వడ్డీకి ఆశపడి అందులో దిగడం మనకు తగదన్నది వేరే విషయం. యెస్ బ్యాంకు 2020లో ఇలాంటి బాండ్లు 8,415 కోట్ల మేర ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. విచిత్రమేమిటంటే వాటాదారుడికి కొంతైనా మిగిలింది, అతని కంటే ముందు వరుసలో ఉండవలసిన బాండుదారుడికి ఏమీ మిగల్లేదు.

ఆ బాండుదారుల్లో 1,300 మందికి పైగా వ్యక్తులున్నారు. వారిలో ఎక్కువమంది ఆ బ్యాంకు ఖాతాదారులే. ఈ బాండ్లు ఫిక్సెడ్ డిపాజిట్ అంత భద్రమైనవన్నట్టు చెప్పి వారికి అంటగట్టారని సెబీ 2021 ఏప్రిల్‌లో తేల్చి బ్యాంకుకు 25 కోట్ల జరిమానా వేసింది. బ్యాంకు అప్పీలుకు వెళ్ళింది. 2023 జనవరిలో బొంబాయి హైకోర్టు బాండ్ల రద్దు చెల్లదని తీర్పిచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. సెబీ ఇలాంటి బాండ్లను సామాన్యులకు నేరుగా అమ్మరాదని 2020 అక్టోబరులోనే నిబంధన తెచ్చింది. అప్పటికే చాలామంది మునిగారు.

చెబితే కొంప మునుగుతుందా?

దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా అంగడిలో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూసిన సంఘటన పాఠకులకు తెలిసిందే. పైన పొడి గింజలు, లోపల తడి. వానకు తడిశాయని వ్యాపారి చెప్పుకున్నాడు. జనం చూసేలా తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. తడవడం వ్యాపారి తప్పని ఆయన అనలేదు. వాన ఎవరి చేతిలో ఉంది? దాచడాన్నే తప్పుపట్టారు. అప్పులు కొన్ని మొండికెత్తడం వానలాంటిది. దాన్ని లెక్కల అడుగున దాచి, పైన మెరుగులు చూపించి వాటాలు, బాండ్లు అమ్మడం మోసం.

దీనికి బ్యాంకర్లు చెప్పే జవాబు ఒకటుంది. బ్యాంకు నమ్మకం మీద నడుస్తుంది, మా మూలధనం తరిగిందని చాటితే జనం ఎగబడి సొమ్ము తీసేసుకుంటారు, బతకవలసిన బ్యాంకు కూడా చస్తుంది అంటారు. ఇది కొట్టిపారేయదగిన వాదన కాదు. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు 2023 మార్చి 8న తనకు 180 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని, 225 కోట్ల డాలర్ల మూలధనం సేకరిస్తామని ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజే ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లు తీసుకున్నారు. మార్చి 10న బ్యాంకు మూతపడింది.

అయితే ఆ ఉదంతం నిజంగా చెప్పేదేమిటి? వడ్డీ రేట్లు పెరిగి ఆ బ్యాంకు చేతిలోని బాండ్ల విలువ 2022 అంతా కరుగుతూనే ఉంది. ఏడాది ముందు, బలం ఉన్నప్పుడు, కొంత కొంతగా ఒప్పుకుని మూలధనం సేకరించి ఉంటే అది మామూలు వార్త. ఊపిరి ఆగే ఘడియలో చెప్పారు గనుక పిడుగైంది. ఆలస్యంగా చెప్పిన నిజం చేసిన కీడును చూపించి, అసలు నిజమే చెప్పవద్దనడం ఎలా సబబు? యెస్ బ్యాంకు 2016లోనే 4,926 కోట్లని ఒప్పుకుని ఉంటే షేరు కొంత పడేది. ఆ స్థితిలో కూడా వంద రూపాయలకు పైనే కొత్త వాటాలు అమ్ముడయ్యేవని, పది రూపాయల గతి పట్టేది కాదని మా అభిప్రాయం.

ఏం చేయాలి?

కొన్ని మార్పులు వచ్చాయి. రిజర్వు బ్యాంకు తనిఖీలో మొండి బాకీల లెక్క ఒక పరిమితికి మించి తేడా వస్తే వార్షిక లెక్కల్లో చూపాలని 2017లో నిర్దేశించారు. తుది నివేదిక అందిన 24 గంటల్లోగా ఆ తేడాను షేర్ మార్కెట్‌కు తెలపాలని సెబీ 2019 అక్టోబరులో ఆదేశించింది. వీటిని స్వాగతిస్తున్నాం. ఇవి చాలవని మా విన్నపం.

మొదటిది, కొత్త మూలధనం కావలసినప్పుడు ముందుగా పాత వాటాదారులనే అడగాలి, వారికి చెప్పే లెక్క పూర్తిగా చెప్పాలి. రెండోది, అత్యవసరంలో అందుకు వ్యవధి లేకపోతే, పెద్ద సంస్థలకు ఇచ్చిన ధరకే తమ వంతు వాటాలు తీసుకునే హక్కును చిన్న వాటాదారులకు కొన్ని నెలల గడువుతో ఇవ్వాలి. యెస్ బ్యాంకులో పెద్దలకు 10 రూపాయలకు దొరికింది నాలుగు నెలల తర్వాత సామాన్యుడికి 12 రూపాయలయింది. మూడోది, తప్పుడు లెక్క చూపిన యాజమాన్యం ఆ ఏళ్ళలో పుచ్చుకున్న బోనస్‌లను తిరిగి రాబట్టి నష్టపోయినవారికి పంచాలి. జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతే మునిగినవాడికి ఒరిగేదేమీ లేదు.

మన వంతు జాగ్రత్త మనమూ పడాలి. రైట్స్ ఇష్యూ కాగితం వస్తే పక్కన పడేయకండి. చేరదలచుకోకపోతే ఆ హక్కునే మార్కెట్‌లో అమ్ముకునే వీలుంది. ఊరికే వదిలేస్తే వాటా పలచబడుతుంది, చేతికి పైసా రాదు. డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల వరకే. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి చెమటోడ్చి తెచ్చిన సొమ్మంతా ఒకేచోట పెట్టే ముందు ఆ సంగతి గుర్తుంచుకోండి. బ్యాంకు కౌంటర్ దగ్గర ఎవరైనా డిపాజిట్ కంటే ఎక్కువ వస్తుందని ఒక పత్రం ముందుకు తోస్తే, సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: బ్యాంకు కూలితే నా సొమ్ము ఏ వరుసలో ఉంటుంది? ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేనివారి దగ్గర కలం మూసి జేబులో పెట్టుకుని ఇంటికి రావడమే మేలు.